బాగా ఓర్చుకున్నారట

నాలుగు పేజీల రిపోర్టులో నేను చదవగలిగినవి రెండే. మొదటి పేజీలో నా పేరు, చివరి పేజీలో చివరి వాక్యం. మధ్యలో ఉన్నవన్నీ గీతలు. భూకంపాన్ని నమోదు చేసినట్టు పైకి లేచి కింద పడే ఎర్ర గీతలు, నీలం గీతలు, వాటి పక్కన అంకెలు. చివరి వాక్యం మాత్రం శుభ్రంగా ఉంది. 'పేషెంట్ టాలరేటెడ్ ద ప్రొసీజర్ వెల్' అని. రోగి పరీక్షను బాగా ఓర్చుకున్నారు.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కదా, వాక్యం కనిపిస్తే ఊరికే పోనివ్వలేను. అందులో కర్త నేనే. కానీ చెప్పింది నేను కాదు. నేను బాగా ఓర్చుకున్నానని ఎవరికెలా తెలిసింది? నలభై నిమిషాల పరీక్షలో నన్ను చాలా ప్రశ్నలు అడిగారు గానీ 'నీకెలా ఉంది' అని మాత్రం అడగలేదు. నేను అరవలేదు, ఏడవలేదు, బల్ల దిగి పారిపోలేదు. కాబట్టి ఓర్చుకున్నట్టే. తర్వాత టెక్నీషియన్ అమ్మాయి చెప్పింది, ఆ వాక్యాన్ని ఎవరూ టైపు చేయనక్కర్లేదట. రిపోర్టు నమూనాలో ముందే ఉంటుందట. ఏదైనా తేడా వస్తేనే దాన్ని తీసేస్తారట. అంటే నేను ఆ గదిలో అడుగు పెట్టకముందే నా ఓర్పు అక్కడ అచ్చయి ఉంది!

ఆ పరీక్ష పేరు యూరోడైనమిక్స్. మూత్రాశయం ఎలా నిండుతోంది, ఎంత పట్టుకోగలుగుతోంది, ఎలా ఖాళీ అవుతోంది అని ఒత్తిడిని కొలిచి చూసే పరీక్ష. దీన్ని రోగులు ఎంతవరకు తట్టుకుంటున్నారు అనే ప్రశ్న మీద వైద్య పత్రికల్లో పాతికేళ్లకు పైగా వ్యాసాలు వస్తున్నాయి. ఆ వాక్యం చదివాక నేను వాటి వెంట పడ్డాను. అలవాటైన పని అదొక్కటే కనుక.

నా కథ క్లుప్తంగా చెప్పేస్తాను. 2021లో పాప పుట్టింది. ఫోర్సెప్స్ వేసి తీశారు. ఆ తర్వాత దగ్గితే, తుమ్మితే, పాపను ఎత్తుకుని మెట్లెక్కితే మూత్రం కారేది. క్లాసులో గట్టిగా నవ్వడం మానేశాను. ముదురు రంగు కుర్తాలే కొనుక్కునేదాన్ని. రెండు గంటల సెమినార్లో కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. దాన్ని నా సహోద్యోగులు గాంభీర్యం అనుకున్నారని తర్వాత తెలిసి నవ్వొచ్చింది. అమ్మకు చెప్తే, 'పిల్లలు పుట్టాక అందరికీ ఉండేదేలే, నాకు లేదా' అంది. ముప్పయ్యేళ్లుగా అమ్మకు ఉన్న సంగతి నాకు తెలియడం అదే మొదటిసారి. స్త్రీల ఆత్మకథలు ఏళ్ల తరబడి చదివాను. వాటిలో కాన్పులున్నాయి, గర్భస్రావాలున్నాయి, మొగుళ్ల దెబ్బలున్నాయి. తడిసిన లంగాల గురించి మాత్రం నా కంటికి ఏమీ కనపడలేదు.

కటి కండరాల వ్యాయామాలతో కొంత తగ్గింది. కానీ మరో బాధ మొదలైంది. ఇంటి తాళం తీసేలోపే తోసుకొచ్చేది. దగ్గినప్పుడు కారడం ఒక జబ్బు, ఇలా తోసుకురావడం ఇంకో జబ్బు, రెండింటికీ వైద్యం వేరు. నాకు ఏది ఎంత అన్నది తేల్చుకోకుండా ఆపరేషన్ మాట ఎత్తడం మంచిది కాదని డాక్టరు ఈ పరీక్ష రాశారు. అది 2023లో, హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో.

ముందురోజు ఫోన్లో చెప్పింది ఒక్కటే. 'నీళ్లు బాగా తాగి, మూత్రం ఆపుకుని రండి.'

చిన్న గది. మధ్యలో గొట్టాలు వేలాడే యంత్రం, ఒక బల్ల, నడుమ రంధ్రం ఉన్న ఒక కుర్చీ. కుర్చీ కింద గరాటు, గరాటు కింద తూకం మీద పెట్టిన పాత్ర. ముందు ఆ కుర్చీలో కూర్చుని మామూలుగా మూత్రం పోయాలి. ధార ఎంత వేగంగా వస్తోందో తెర మీద గీతగా పడుతుంది. తలుపు మూశారు. అయితే తలుపుకూ నాకూ మధ్య ఉన్న తెర అవతల ఎవరో ఒకతను వైర్లు సరిచేస్తున్నాడు. ఆపుకుని రమ్మన్నారు, ఆపుకునే వచ్చాను. ఇప్పుడు పొమ్మంటే రాదు. చప్పుడు వినపడకుండా బకెట్‌లోకి పంపు వదిలి మరీ బాత్రూముకు వెళ్లడం నేర్చుకున్న ఒళ్లు ఇది. చప్పుడుకు ఒక గ్రాఫు కూడా గీస్తామంటే ఎక్కడ వస్తుంది? చివరికి టెక్నీషియన్ పంపు తిప్పింది. ఇలా బిగుసుకుపోయే మూత్రాశయానికి ఇంగ్లీషు వైద్యులు పెట్టుకున్న ముద్దుపేరు, సిగ్గరి బ్లాడర్. సిగ్గు బ్లాడర్‌దే అన్నట్టు!

తర్వాత బల్ల మీద పడుకోబెట్టి రెండు సన్నటి గొట్టాలు పెడతారు. రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుందేమో ఒక్కోటి. ఒకటి మూత్రనాళం గుండా మూత్రాశయంలోకి. రెండోది మలద్వారంలోకి. రెండోదాని సంగతి నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఎందుకని అడిగితే ఆ అమ్మాయి చక్కగా వివరించింది. దగ్గినప్పుడు పొట్ట మొత్తం ఒత్తిడికి లోనవుతుంది, అందులో మూత్రాశయం కండరం సొంతంగా బిగిసిన ఒత్తిడి ఎంతో తెలియాలంటే పొట్ట ఒత్తిడిని విడిగా కొలిచి తీసివేయాలి. ఆ తీసివేత లెక్క నాకు నచ్చింది. ముందే చెప్పి ఉంటే ఇంకా నచ్చేది. నొప్పి సంగతంటారా, మొదటి గొట్టం పెట్టేటప్పుడు కొన్ని సెకన్లు భగ్గున మంట. అంతే. ఇది అబద్ధం కాదు. ఈ వ్యాసం చదివి ఎవరూ పరీక్షకు భయపడకూడదు.

ఇక సెలైన్ నింపడం మొదలవుతుంది, నిమిషానికి యాభై మిల్లీలీటర్ల చొప్పున. నింపుతూ మధ్యలో దగ్గమంటారు. పడుకుని దగ్గాలి, కూర్చుని దగ్గాలి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి దగ్గాలి. నిలబడి దగ్గినప్పుడు నాకు కారింది. కింద పరిచిన కాగితం మీద చుక్కలు చూసి ఆ అమ్మాయి 'గుడ్ మేడం, వచ్చింది' అంది. రెండేళ్లుగా నేను లోకానికి తెలియకుండా దాచుకున్నది అక్కడ ఒక శుభవార్త అయింది. నాకు నిజంగానే ఒక్క క్షణం సంతోషం కలిగింది. చివరికి గొట్టాలు ఉండగానే మళ్లీ కుర్చీలో కూర్చుని ఖాళీ చేయాలి.

నింపేటప్పుడు అడిగే ప్రశ్నలకు అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. 1971లో ఏర్పడ్డ ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ ఈ పరీక్షల పరిభాషను స్థిరపరుస్తూ వచ్చింది. ఫస్ట్ సెన్సేషన్, ఫస్ట్ డిజైర్, స్ట్రాంగ్ డిజైర్, అర్జెన్సీ. నిండుతోందన్న తొలి స్పృహ, వెళ్లాలన్న తొలి కోరిక, గట్టి కోరిక, ఇక వాయిదా వేయలేని తొందర. డిజైర్! నా సిద్ధాంత గ్రంథంలో రెండు అధ్యాయాలు ఆ మాట చుట్టూ తిరిగాయి. అది ఈ బల్ల మీద ఎదురవుతుందని అనుకోలేదు.

తెలుగులో దీన్ని ఎలా అడుగుతారు? 'ఫస్ట్ వచ్చినట్టనిపిస్తే చెప్పండి.' ఏమొచ్చినట్టు? ఆ మాట ఆమె నోట రాదు. నా నోటా రాదు. 'వస్తోందా?' 'కొంచెం వస్తోంది.' 'గట్టిగా వస్తోందా?' 'వస్తోంది.' కర్త లేని వాక్యాలతో ఇద్దరు ఆడవాళ్లం నా మూత్రాశయాన్ని కొలిచాం. మా గుంటూరు వైపు ఇంట్లో 'ఒంటికి' అనేవాళ్లం, బళ్లో అయితే చిటికెన వేలు చూపించేవాళ్లం. తెలంగాణలో ఒంటేలు. ఉచ్చ అనే మాట పసిపిల్లల దగ్గర ముద్దు, పెద్ద ఆడది అంటే మోటు. పుస్తకాల్లో మూత్రం, పండితుల ఇళ్లల్లో లఘుశంక, ఆసుపత్రిలో యూరిన్, కొత్త ఇళ్లల్లో వాష్‌రూమ్. ఇన్ని పేర్లున్నా 'ఇప్పుడు నాకు ఇంత వస్తోంది' అని చెప్పడానికి ఒక్క మాట కుదరదు. కానీ ఆ పరీక్షలో యంత్రం సొంతంగా కనిపెట్టలేనిది సరిగ్గా ఆ ఒక్కటే. ఒత్తిడి ఎంతో గొట్టం చెప్తుంది. ఎంత నిండాక వెళ్లాలనిపించిందో మనిషే చెప్పాలి.

మూత్రాశయం నమ్మదగ్గ సాక్షి కాదు అని ఈ వైద్యశాఖలో ఒక నానుడి. 1970 ప్రాంతంలో ప్యాట్రిక్ బేట్స్ అనే బ్రిటిష్ వైద్యుడూ, ఆయన సహచరులూ రాసిన దాంతో ప్రచారంలోకి వచ్చింది. రోగి చెప్పే లక్షణాలను బట్టి జబ్బు నిర్ణయిస్తే పొరపడతాం కాబట్టి కొలవాలి అని దాని భావం. వైద్యపరంగా అందులో నిజం ఉంది. నా విషయంలోనే, నేను ఎక్కువనుకున్నది తక్కువ, తక్కువనుకున్నది ఎక్కువ అని తేలింది. అయితే సాక్షిని నమ్మలేం అన్నవాళ్లు, ఆ సాక్షిని ఎవరి ఎదుట, ఏ భాషలో, ఏ స్థితిలో విచారిస్తున్నామో కూడా చూసుకోవాలి కదా. ఆ రోజు నాకంటే ముందు లోపలికి వెళ్లిన ఆవిడ వల్ల ఈ మాట నాకు బోధపడింది.

అరవై దాటిన మనిషి. నాగర్‌కర్నూలు వైపు ఊరు. బయట బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నప్పుడే మాటలు కలిశాయి. ముప్పయ్యేళ్లకే గర్భసంచి తీయించుకుందట, 'తెల్లబట్ట అయితాందని పోతే తీసేసిండ్రు' అంది. (2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలోకెల్లా ఎక్కువ మనమే. మన ఆడవాళ్లు ఆపరేషన్లను కూడా ఎంత బాగా ఓర్చుకుంటారో!) ఇప్పుడు ఆవిడకు మూత్రం పూర్తిగా ఖాళీ కావడం లేదు, మాటిమాటికీ ఇన్‌ఫెక్షను. ఈ పరీక్ష ఆవిడకు నిజంగా అవసరం.

ఆవిడ లోపల ఉన్నంతసేపు ఒక్క చప్పుడు లేదు. టెక్నీషియన్ గొంతు మాత్రం వినపడింది. 'అమ్మా, వస్తే చెప్పు. వస్తోందా? ఇంకా రాలేదా?' ఇలా చాలాసేపు. తర్వాత బయటికొచ్చి నాతో, 'చాలా మంచి పేషెంటు మేడం, కిక్కురుమనలేదు' అంది మెచ్చుకోలుగా.

నా పరీక్ష అయ్యాక మళ్లీ అదే బెంచీ మీద కలిశాం, ఆవిడ కొడుకు బిల్లు కట్టడానికి వెళ్లాడు. నర్సు ఒక అట్ట పట్టుకుని వచ్చింది. దాని మీద సున్నా నుంచి పది దాకా అంకెలు, అంకెల కింద నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా బొమ్మలు. 'నొప్పి పదికి ఎంత?' నేను రెండు అన్నాను. ఆవిడ అట్టవైపు చూడను కూడా లేదు.

'పదికెంతంటే ఏం జెప్పాలె బిడ్డా. ఐదుగుర్ని కన్న, ఇంట్లనే. దాని ముందల ఇదేం నొప్పి. నొప్పి లేదు, శరమైతాంది.'

నర్సు సున్నా రాసుకుంది. శరానికి ఆ అట్ట మీద అంకె లేదు.

నర్సు వెళ్లాక ఆవిడ గొంతు తగ్గించి నాతో అంది. 'లోపట మొగపిలగాడున్నడు గదా, వైర్లు వట్టుకొని. ఆని ముందల ఎట్ల జెప్పాలె? ఒంటేలు ఎప్పుడో వచ్చింది. ఆపుకున్న.'

నాకు ఒళ్లు జలదరించింది. సాధారణంగా నాలుగైదు వందల మిల్లీలీటర్లు నిండేసరికి ఎవరికైనా గట్టిగా వెళ్లాలనిపిస్తుంది. ఆవిడ అంతకుమించి నింపినా రాలేదు, రాలేదు అంటూ పడుకుంది. ఆ గీత పక్కన 'స్పృహ ఆలస్యం' అని రాస్తారు. నరాల్లో లోపం ఉందేమోనని వెతుకుతారు. మందులు దాన్ని బట్టి మారతాయి. ఆవిడ మూత్రాశయం అబద్ధం చెప్పలేదు, సాక్ష్యం చెప్పడానికి ఆవిడకే వీలు లేకపోయింది. బాగా ఓర్చుకోవడం వల్ల పరీక్షే పాడైంది.

'పెద్దమ్మా, ఇది డాక్టరుకు చెప్పాలి. నేను చెప్పనా?' అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, 'ఆడామెకైతే చెప్పు' అంది. డాక్టరు ఆడామే. వినగానే లేచొచ్చి, ఆవిడను విడిగా కూర్చోబెట్టుకుని, తలుపు వేసి మాట్లాడారు. రిపోర్టు మీద పెన్నుతో ఏదో రాశారు. మళ్లీ గొట్టాలు పెట్టాల్సి వస్తే ఈసారి ఆ గదిలో మగవాళ్లు ఉండరని మాటిచ్చారు. కాబట్టి ఇది దుర్మార్గపు డాక్టర్ల కథ కాదు. ఆ వైర్ల కుర్రాడు కూడా పాపం తల ఎత్తి చూసినవాడు కాడు. అయినా ఆవిడ నోరు మూతపడింది.

ఆపుకోవడం అనే క్రియను నేను ఆ రాత్రి చాలాసేపు నెమరేశాను. ఏడుపు ఆపుకో, కోపం ఆపుకో, నవ్వు ఆపుకో, మూత్రం ఆపుకో. అన్నిటికీ ఒకటే క్రియ, అన్నీ ఆడపిల్లకే ముందు నేర్పుతారు. మా హైస్కూల్లో ఆడపిల్లల దొడ్డికి తలుపు లేదు, అందుకని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నీళ్లు తాగేవాళ్లం కాదు. నాట్లకు వెళ్లే ఆడవాళ్లు చీకటి పడేదాకా ఆపుకుంటారు. బస్సు ప్రయాణంలో మగవాళ్లకు చెట్టు దొరుకుతుంది, మనకు ఊరు రావాలి. సేల్స్ కౌంటర్లలో నిలబడే అమ్మాయిలు, డ్యూటీలో ఉన్న కానిస్టేబుళ్లు, ఎన్నికల డ్యూటీ పడ్డ టీచర్లు... ఎవరిని కదిపినా ఒక కథ ఉంటుంది. ఇలా ముప్పయ్యేళ్లు, నలభయ్యేళ్లు ఆపుకున్న ఒళ్లను తెచ్చి బల్ల మీద పడుకోబెట్టి, 'ఫస్ట్ ఎప్పుడు అనిపించిందో చెప్పండి' అంటే ఏం చెప్తుంది? అనిపించడాన్ని పట్టించుకోకుండా ఉండటమే కదా అది ఇన్నాళ్లూ నేర్చుకున్న విద్య.

ఇప్పుడు ఆ వ్యాసాల సంగతి. నేను చదివినంతలో చాలావాటి సారాంశం దాదాపు ఒకటే. ఎక్కువమంది ఈ పరీక్షను తట్టుకోగలుగుతున్నారు. ముందు భయపడినంత బాధ లేదని చాలామంది చెబుతున్నారు. శారీరకంగా ఇబ్బంది పెట్టేది ప్రధానంగా గొట్టం పెట్టే క్షణం. అయితే నొప్పితో పాటు ఆందోళన, సిగ్గు కూడా లెక్కలోకి వస్తాయి. వయసు తక్కువైన వాళ్లకు ఇవన్నీ ఎక్కువ. బ్రిటన్‌లో 2000లో ఒక నర్సింగ్ పత్రికలో వచ్చిన అధ్యయనం నాకు వీటన్నిటిలో నచ్చింది. వాళ్లు అంకెల అట్ట పక్కన పెట్టి రోగులతో కూర్చుని మాట్లాడారు. సిబ్బంది మాట తీరు, ముందుగా చెప్పడం, మర్యాద కాపాడటం, వీటి మీదే అనుభవం మంచిదా చెడ్డదా అన్నది ఆధారపడిందని తేల్చారు. మాట్లాడితే తెలిసేది మాట్లాడితేనే తెలుస్తుంది మరి.

చిన్నవాళ్లకు ఇబ్బంది ఎక్కువ అన్న ఫలితం దగ్గర నేను ఆగిపోయాను. దాన్ని చదివే వైద్యులు సహజంగా అనుకునేది, చిన్నవాళ్లకు ఆందోళన ఎక్కువ, వాళ్లకు ఎక్కువ ధైర్యం చెప్పాలి అని. మంచిదే. కానీ తిరగేసి ఎందుకు చదవకూడదు? పెద్దవాళ్లు తక్కువ చెబుతున్నారేమో. నాకూ ఆ పెద్దమ్మకూ ఒకే గది, ఒకే గొట్టాలు, ఒకే కుర్రాడు. నేను రెండు, ఆవిడ సున్నా. ఈ రెండు అంకెలనూ సగటు చేస్తే ఒకటి వస్తుంది. ఆ ఒకటి ఎవరి అనుభవం? నేను ప్రశ్నలు అడిగాను కాబట్టి కొంచెం ఆందోళన ఉన్న పేషెంటుని. ఆవిడ అడగలేదు కాబట్టి మంచి పేషెంటు. కష్టానికి అలవాటుపడ్డ వాళ్ల దగ్గర నొప్పికి కొలత అడిగితే వాళ్లు తమ జీవితాన్నే కొలబద్దగా పెట్టుకుంటారు. ఐదు కాన్పుల పక్కన పెడితే ఏ గొట్టమైనా సున్నానే.

ఓర్చుకోగలిగిన వాళ్ల మీద వైద్యం ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే మూత్రాశయపు చరిత్రే చాలు. 1845 నుంచి 1849 దాకా అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో జె. మారియన్ సిమ్స్ అనే డాక్టరు, కష్టమైన కాన్పుల వల్ల మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి నిరంతరం మూత్రం కారే బానిస స్త్రీల మీద శస్త్రచికిత్సలు చేస్తూ పోయాడు. వాళ్లలో మూడు పేర్లే మనకు మిగిలాయి. అనార్కా, బెట్సీ, లూసీ. అనార్కా మీద దాదాపు ముప్పయిసార్లు చేశాడు. ఈథర్ మత్తు 1846లోనే వచ్చినా వాళ్లకు ఇవ్వలేదు. ఆ చికిత్స తర్వాత ఎందరో స్త్రీలకు ఉపయోగపడింది, అదీ నిజమే. అతని విగ్రహాన్ని న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి 2018లో తొలగించారు. నేనూ ఆ పెద్దమ్మా పొందింది దీనితో పోల్చదగినది కానే కాదు, మేం సంతకం పెట్టి వెళ్లాం. నేను చెప్పేదల్లా, కాదనే హక్కు లేని మనిషి మౌనాన్ని ఓర్పు అనే పద్ధతి ఈ శాఖకు కొత్త కాదని.

ఇంతకీ ఎందుకోసం ఓర్చుకోవాలి? తట్టుకోగలరా అని అడిగే వ్యాసాల పక్కనే, అసలు అవసరమా అని అడిగిన అధ్యయనాలూ ఉన్నాయి. అవే ఎక్కువ పనికొచ్చాయి నాకు. అమెరికాలో 2012లో వెలువడ్డ ఒక అధ్యయనంలో, దగ్గినప్పుడు కారే సమస్య మాత్రమే స్పష్టంగా ఉండి ఆపరేషన్‌కు సిద్ధమైన 630 మంది స్త్రీలలో సగం మందికి ముందుగా ఈ పరీక్ష చేశారు, సగం మందికి మామూలుగా చూసి ఊరుకున్నారు. ఏడాది తర్వాత రెండు జట్లలోనూ నూటికి 77 మందికి నయమైంది. ఆ తర్వాత బ్రిటన్ మార్గదర్శకాలు 2019లో, అలాంటి స్త్రీలకు మొదటి ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష చేయవద్దని చెప్పాయి. 2025లో లాన్సెట్‌లో వచ్చిన మరో బ్రిటిష్ అధ్యయనం, మందులకు లొంగకుండా తోసుకొచ్చే సమస్య ఉన్న 1099 మందిని తీసుకుంది. పరీక్ష చేసి వైద్యం చేసిన వాళ్లకూ, చేయకుండా వైద్యం చేసిన వాళ్లకూ, స్త్రీలు తమంతట తాము చెప్పిన మెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంటే పరీక్ష దండగనా? కాదు. మూత్రం ఖాళీ కాని ఆ పెద్దమ్మలాంటి వాళ్లకు, వెన్నుపూస దెబ్బతిన్న వాళ్లకు, ఒకసారి ఆపరేషన్ విఫలమైన వాళ్లకు ఇది దారి చూపిస్తుంది. నావి రెండు సమస్యలూ కలిసిపోయి ఉన్నాయి కాబట్టి నా డాక్టరు రాయడంలోనూ అర్థం ఉంది. కానీ 'ఇందులో ఏది తేలితే నా వైద్యం ఎలా మారుతుంది?' అని నేను అడిగితేగానీ ఆవిడ చెప్పలేదు. అడిగాక పది నిమిషాలు కూర్చుని చక్కగా చెప్పారు. ఆ పది నిమిషాలూ అడగని వాళ్లకు దొరకవు. మిత్రురాలొకామెకు దగ్గినప్పుడు కారడం తప్ప ఇంకేమీ లేదు, ఆమెకూ ఇంకోచోట ఇదే పరీక్ష ప్యాకేజీలో భాగంగా చేసేశారు. బాగానే ఓర్చుకుందట.

రిపోర్టు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు టెక్నీషియన్ అమ్మాయి నన్ను ఆపి, 'మేడం, మీరు తెలుగు పీహెచ్‌డీ కదా, మాకో కాగితం రాసిపెట్టండి' అంది. పెద్దమ్మ సంగతి ఆమెను బాగా కుదిపింది. రోజుకు నలుగురైదుగురికి ఈ పరీక్ష చేస్తుంది, ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోతున్నానని బాధ. పరీక్షకు రెండు రోజుల ముందు ఇచ్చేలా ఒకే పేజీ రాద్దామనుకున్నాం. నాలుగు ఆదివారాలు పట్టింది. గొట్టాలు రెండని, ఎక్కడెక్కడ పెడతారో ముందే రాశాం. గదిలో ఎవరెవరు ఉంటారో రాశాం. దగ్గితే కారాలనే దగ్గిస్తారు, కారితే మీ తప్పు కాదు, దాన్ని చూడటానికే ఈ పరీక్ష అని రాశాం. తర్వాత రెండు రోజులు మంట ఉండవచ్చని, జ్వరం వస్తే వెంటనే రావాలని కూడా రాశాం.

డిజైర్ దగ్గర చిక్కుపడ్డాం. కోరిక అంటే నవ్వుతారు. 'వెళ్లాలనిపించడం' అని సర్దుకున్నాం. అర్జెన్సీకి నేను 'ఆపుకోలేని తొందర' అని రాస్తే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. తను ఆదిలాబాదు పిల్ల. 'మా దగ్గర ఉరికొస్తది అంటరు మేడం' అంది. ఉరికొస్తది! ఒక్క మాటలో మొత్తం జబ్బు. మా వైపు తోసుకొస్తోంది అంటాం. రెండూ పెట్టాం. మూత్రం, ఒంటేలు రెండూ పెట్టాం. వేలు ఎత్తి చెప్పినా చాలు, మాట అననక్కర్లేదు అని కూడా రాశాం. ఒక వేలు ఎత్తితే కొంచెం, రెండు వేళ్లయితే గట్టిగా, అరచెయ్యి మొత్తం ఎత్తితే ఇక ఆగదు. బడిలో చిటికెన వేలు గుర్తొచ్చి పెట్టిన పద్ధతి ఇది.

చివర్లో ఒక వాక్యం ఉంది. 'వద్దనిపిస్తే ఎప్పుడైనా ఆపమని చెప్పవచ్చు.' కాగితం ఆమోదానికి పైకి వెళ్లి, ఆ ఒక్క వాక్యం కొట్టేసి తిరిగొచ్చింది. అలా రాస్తే అందరూ మధ్యలో ఆపేయమంటారట, గొట్టాల ఖర్చు వృథా అవుతుందట. నేను రెండుసార్లు ఉత్తరం రాశాను. సంతకం పెట్టే ఇంగ్లీషు ఫారంలో ఆ హక్కు ఉంది కాబట్టి తెలుగులో మళ్లీ అక్కర్లేదని జవాబు. మూడో ఉత్తరం ఇంకా అక్కడే ఉంది.

ఈలోగా ఆ అమ్మాయి కాగితంలో లేని వాక్యాన్ని నోటితో చెప్తోంది, గొట్టం పెట్టబోయే ముందు, ఒక్కొక్కరికీ. ఆర్నెల్లలో ఇద్దరే ఆపమన్నారట. ఒకామె ఇంటికి వెళ్లిపోయింది. ఇంకొకామె లేచి కూర్చుని, కాసేపు ఊపిరి పీల్చుకుని, వైర్ల అబ్బాయిని బయటికి పంపించమని, మళ్లీ తనే పడుకుందట.